రెండు వారాల పంతుళ్ళు

(గిడుగు రామమూర్తి పంతులు గారి జ్ఞాపకార్థం చేసిన ఉపన్యాసం)



గిడుగు వారి పేరు మీద మాట్లాడమంటే ఎవరైనా వ్యావహారిక భాష గురించే మాట్లాడతారు. మాట్లాడాలి కూడా. ఆ పని నాకన్నా సమర్థంగా చేయగలవాళ్ళు మీలోనే చాలామంది ఉన్నారు. నేను ఆయన చేసిన ఇంకో పనిని పట్టుకుని మాట్లాడతాను. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకునే ఒక మాస్టారు, తనది కాని జాతి పిల్లలకి, తనది కాని భాషలో చదువు అందించడానికి ఏం చేశారన్నది నాకు ఇవాళ్టి అవసరంలా కనిపిస్తోంది. ఎందుకంటే మన పిల్లలు ఇప్పుడు సెలవులొస్తే చాలు, పరాయి దేశం వెళ్ళి అక్కడి బడిలో పాఠాలు చెప్పి వస్తున్నారు. రెండు వారాలు, నాలుగు వారాలు, మహా అయితే ఆరు వారాలు.

ఇది ఒకప్పుడు తెల్లవాళ్ళ వ్యవహారం. స్కూలు చదువు ముగించి యూనివర్సిటీలో చేరేలోపు ఓ ఏడాది ఖాళీ పెట్టుకుని ఆఫ్రికాకో ఆసియాకో వెళ్ళే ఇంగ్లీషు పిల్లలది. ఇప్పుడు హైదరాబాదు, విశాఖ కాలేజీల నుంచి కూడా వెళ్తున్నారు. ఐసెక్ లాంటి విద్యార్థి సంస్థలు ఆరు వారాలు, ఎనిమిది వారాల కార్యక్రమాలు నడుపుతున్నాయి. అమెరికాలో పుట్టిన మన పిల్లల సంగతి వేరే చెప్పాలి. వాళ్ళకి కాలేజీ దరఖాస్తులో సేవ అన్న గడి ఒకటి ఉంటుంది. అది నింపాలి.

వెళ్ళే పిల్లల మనసు మంచిదే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత నేను చెప్పేవి విని వాళ్ళని తిట్టాననుకోకూడదు.

నాకు తెలిసిన ఓ అమ్మాయి ఇంజనీరింగు మూడో ఏడు సెలవుల్లో కంబోడియాలో సియమ్ రీప్ దగ్గర ఒక పల్లెబడికి వెళ్ళింది. అంకోర్ వాట్ ఆలయం దగ్గరున్న ఊరు సియమ్ రీప్. వెళ్ళి వచ్చాక ఎలా ఉందమ్మా అని అడిగితే నవ్వి, ఒక సంగతి చెప్పింది. మొదటి రోజు క్లాసులోకి వెళ్ళి, తల, భుజాలు, మోకాళ్ళు పట్టుకుంటూ పాడే ఇంగ్లీషు పాట మొదలుపెట్టిందట. పిల్లలు ఆమెకన్నా ముందు వెళ్ళిపోయారట. ఒకడు లేచి వచ్చి, ఆమె తప్పు పాడుతోందని చేతులు పట్టుకుని సరిదిద్దాడట. ఆమెకి ముందు వచ్చిన బృందం అదే పాట నేర్పింది. వాళ్ళకి ముందు వచ్చినవాళ్ళూ అదే నేర్పారు. రంగుల పేర్లు, జంతువుల పేర్లు, ఒకటి నుంచి ఇరవై. ఆ తరవాతి పాఠం ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే ప్రతి బృందానికీ అదే మొదటి రోజు.

మరి టీచరు ఏం చేస్తోంది అని అడిగాను. వెనక బెంచీలో కూర్చుని ఫోటోలు తీసిపెట్టింది అంది. ఈ ఉపన్యాసమంతా ఆ టీచరు గురించే.

ఇంకొకరికి మంచి చేయడానికి విమానమెక్కడం గురించి 1968 ఏప్రిల్‌లో ఒక గట్టి ప్రసంగం జరిగింది. చేసినవాడు ఇవాన్ ఇలిచ్. ఆస్ట్రియాలో పుట్టిన మతగురువు. మెక్సికోలో కుయెర్నవాకా అనే ఊళ్ళో, లాటిన్ అమెరికాకి వచ్చే మిషనరీలకీ సేవకులకీ స్పానిష్ నేర్పే కేంద్రం నడిపేవాడు. వేసవిలో మెక్సికో పల్లెల్లో సేవ చేయడానికి సిద్ధమవుతున్న అమెరికన్ విద్యార్థులు తమ సభలో మాట్లాడమని ఆయన్ని పిలిచారు. ఆయన దీవించలేదు సరికదా, మీ ఉద్దేశం మంచిది కావడమే మీతో వచ్చిన చిక్కు అన్నట్టుగా మాట్లాడాడు. మీకు వాళ్ళ భాష రాదు, వాళ్ళు మిమ్మల్ని ఏమనుకుంటున్నారో తెలుసుకునే దారి కూడా మీకు లేదు అన్నాడు. మెక్సికో రండి, చూడండి, కొండలెక్కండి, చదువుకోండి, సాయం చేయడానికి మాత్రం రావద్దు అని ముగించాడు. కటువైన మాటలే. అయితే అవి అన్నవాడు గట్టున నిలబడి రాళ్ళు వేసినవాడు కాడు, ఆ రాకపోకల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. నాకు ఆయనతో పూర్తిగా ఏకీభావం లేదు. ఎందుకు లేదో తరవాత చెబుతాను.

ఈ వ్యవహారం ఎక్కడిదాకా పోగలదో కంబోడియా చూపించింది. ఆ దేశంలో 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ పాలన సాగింది. చదువుకున్నవాళ్ళని వెతికి చంపారు. ఉపాధ్యాయుల్లో అత్యధికులు చనిపోయారు, లేదా దేశం విడిచి పారిపోయారు. 1979 తరవాత బడులు మళ్ళీ తెరిచినప్పుడు, నాలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు రెండు అక్షరాలు వచ్చినవాళ్ళకి చెప్పాల్సిన పరిస్థితి. ఇప్పటికీ అక్కడ చాలా బడులు పొద్దున ఒక పూట, మధ్యాహ్నం ఒక పూట వేరువేరు పిల్లలతో నడుస్తాయి. గదులూ చాలవు, టీచర్లూ చాలరు. జీతం చాలక రెండో పని చూసుకునే టీచర్లు ఎందరో. అంత దెబ్బ తిన్న దేశం మీద ప్రపంచానికి జాలి కలగడం సహజం. అంకోర్ ఆలయాలు చూడవచ్చిన లక్షలాది యాత్రికులకి ఆ జాలిని వెంటనే చూపించుకునే చోటు కావాల్సి వచ్చింది. ఆ చోటు అనాథాశ్రమం అయింది. పక్కనే ఉచిత ఇంగ్లీషు బడి.

2005కీ 2010కీ మధ్య ఆ దేశంలో అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. అప్పటికి యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాయి, అనాథలు పెరగాల్సిన కారణమేదీ లేదు. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో నలుగురిలో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని 2011లో యూనిసెఫ్, అక్కడి ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం తేల్చింది. మరి పిల్లలు అక్కడికి ఎలా వచ్చారు? చదువు చెప్పిస్తామంటే వచ్చారు. నాకు గుండె కలుక్కుమన్నది ఇక్కడే. బిడ్డని వదిలించుకుందామని కాదు, బిడ్డకి బడి దొరుకుతుందని పంపారు ఆ తల్లులు. నేపాల్‌లోనూ ఇదే కథ. 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధంలో హుమ్లా వంటి మారుమూల కొండ జిల్లాల నుంచి పిల్లల్ని కాఠ్మాండూకి తెచ్చారు. మంచి బడిలో వేస్తామని చెప్పి, అందుకు తల్లిదండ్రుల దగ్గరే డబ్బు తీసుకున్నారు దళారులు. తెచ్చిన పిల్లల్ని అనాథలని చూపించి విదేశీయుల దగ్గర మళ్ళీ డబ్బు తీసుకున్నారు.

2011లోనే కంబోడియాలో ఒక సంస్థ పోస్టర్లు వేసింది. మ్యూజియంలో గాజు పెట్టె, దానిలో పిల్లలు, చుట్టూ కెమెరాలతో యాత్రికులు. పిల్లలు చూడదగ్గ స్థలాలు కారు అన్నది దాని భావం. తరవాత కొన్ని పెద్ద ప్రయాణ కంపెనీలు అనాథాశ్రమ యాత్రలు మానుకున్నాయి. అనాథాశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని ఆధునిక బానిసత్వంలో ఒక రూపంగా ఆస్ట్రేలియా గుర్తించింది. 2018లో ఆ దేశం చేసిన చట్టం వెనక ఈ చర్చ అంతా ఉంది.

అనాథాశ్రమం వేరు, బడి వేరు అనవచ్చు మీరు. నిజమే. బడికి వెళ్ళి పాఠం చెబితే ఎవరూ బిడ్డని అమ్ముకోరు. అయితే రెండిటిలోనూ ఒకే సూత్రం పనిచేస్తుంది. వచ్చేవాళ్ళకి ఏం కావాలో దాన్నిబట్టి అక్కడి ఏర్పాటు మారిపోతుంది. వచ్చేవాళ్ళకి పిల్లలు కావాలి, పిల్లల ముందు నిలబడడం కావాలి. పాకీదొడ్డి దారి బాగుచేయడం, హాజరు పట్టీ రాయడం, వెనకబడ్డ ముగ్గురు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నెల తరబడి గుణింతం దిద్దించడం ఫోటోకి ఎక్కవు. కాబట్టి బడి తన రోజుని మార్చుకుంటుంది. లెక్కల పీరియడు ఆటల పీరియడు అవుతుంది. టీచరు వెనక బెంచీకి పోతుంది.

ఆ టీచరు ఎవరో ఒక్కసారి ఆలోచించండి. ఆమెకి ఆ ఊరి భాష వచ్చు. ఏ పిల్ల ఇంట్లో తండ్రి తాగొచ్చి కొడతాడో, ఏ పిల్లవాడు కోతల కాలంలో బడి మానేస్తాడో తెలుసు. నిరుడు ఈ క్లాసు ఎక్కడ ఆగిందో తెలుసు. ఇవేమీ తెలియని పందొమ్మిదేళ్ళ అమ్మాయి విమానం దిగి వచ్చి ఆమె చేతిలోంచి సుద్దముక్క తీసుకుంటుంది. తీసుకోదు, పాపం, ఆమే ఇస్తుంది. హెడ్మాస్టరు ఇవ్వమంటాడు. వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు కంప్యూటరో, నీళ్ళ ట్యాంకో ఇచ్చి వెళ్తారేమోనని బడికి ఆశ. పిల్లలు చూస్తూ ఉంటారు. మన టీచరమ్మకన్నా ఎక్కడినుంచో వచ్చిన ఈ అక్కే గొప్పది కాబోలు అన్న పాఠం, ఎవరూ చెప్పకుండానే, వాళ్ళకి వంటబడుతుంది. అక్క వెళ్ళిపోతుంది. టీచరమ్మ మిగులుతుంది, కొంచెం తగ్గి.

ఇదే పని మన ఊళ్ళో జరిగితే ఏమవుతుందో ఊహించండి. హైదరాబాదులో ఒక కార్పొరేట్ స్కూలు. ఆరో తరగతి సైన్సు. రెండు వారాలపాటు డెన్మార్కు నుంచి వచ్చిన ఓ కుర్రాడు చెబుతాడు, అతనికి తెలుగూ రాదు, సిలబసూ తెలియదు, పాఠం చెప్పిన అనుభవమూ లేదు, కానీ పిల్లలంటే ప్రాణం అని యాజమాన్యం చీటీ పంపిందనుకుందాం. సాయంత్రం ఆరుకల్లా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు తగలబడిపోదూ? ఫీజు కట్టినవాళ్ళకి ఒప్పుకోనిది, ఫీజు కట్టలేనివాళ్ళకి వరమెలా అయింది?

గిడుగు వారు చేసింది ఇప్పుడు చూద్దాం. పర్లాకిమిడి సంతకి సవరలనే కొండజాతివాళ్ళు కొండ దిగి వచ్చేవారు. వాళ్ళకి చదువు చెప్పాలనుకున్నారాయన. కొండెక్కి ఓ వారం పాఠాలు చెప్పి దిగిపోవచ్చు కదా. అలా చేయలేదు. తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. అంటే ముందు ఆయన విద్యార్థి, సవర గురువు. ఆ తరవాత సవర భాషలో వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, వాటిలో చెప్పే ఉపాధ్యాయులకి జీతాలు ఇచ్చారు. ఈ చివరి మాట మళ్ళీ చెబుతాను: జీతాలు ఇచ్చారు. తాను వెళ్ళి క్లాసులో నిలబడడం కాదు, రోజూ నిలబడేవాడికి తిండి చూశారు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైనుతో చెవులు పోయాయి. సవర భాషా వ్యాకరణం అచ్చయ్యేసరికి 1931. మొదలుపెట్టింది పంతొమ్మిదో శతాబ్దం చివరి పదేళ్ళలో. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది, ఆయన పోవడానికి రెండేళ్ళ ముందు.

అందరూ గిడుగులు కావాలా అంటే, కానక్కర్లేదు. అంత ఓపిక అందరికీ ఉండదు, ఉండాలనడం అన్యాయం. నేను చూడమంటున్నది ఆయన ఎంచుకున్న వరస. మొదట భాష, తరవాత పుస్తకం, తరవాత అక్కడుండే టీచరు. ఈ వరసని తలకిందులు చేస్తే మిగిలేది తల-భుజాలు-మోకాళ్ళ పాట.

విదేశాల్లో సేవని పద్ధతిగా నడిపిన సంస్థలు కూడా ఇటే జరిగాయి. 1958లో ఇంగ్లండులో వీఎస్ఓ మొదలైనప్పుడు, అప్పుడే స్కూలు చదువు ముగించిన పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళని పంపేవారు. కొన్నేళ్ళకి ఆ పద్ధతి మార్చుకుని, వృత్తి అనుభవం ఉన్నవాళ్ళని ఎక్కువ కాలానికి పంపడానికి మళ్ళారు. అమెరికా పీస్ కోర్ మొదటి నుంచే రెండేళ్ళు అంది, ముందు శిక్షణ, దానిలో భాష. 1961 ఆగస్టు చివర సుమారు యాభైమంది టీచర్ల మొదటి బృందం ఘనాలో దిగింది. అక్రా విమానాశ్రయంలో ట్వి భాషలో పాట పాడి అందరినీ ఆశ్చర్యపరిచారు. పాట వేరు, పాఠం వేరు అనుకోండి. అయినా నేర్చుకుని వచ్చారు. అదే ఏడాది అక్టోబరులో నైజీరియాలో ఇంకో రకం సంఘటన జరిగింది. శిక్షణలో ఉన్న ఒక అమెరికన్ యువతి, ఇక్కడి బతుకు ఎంత మొరటుగా ఉందో వర్ణిస్తూ స్నేహితుడికి పోస్టుకార్డు రాసింది. అది దారిలో జారిపడి ఇబాదాన్ విద్యార్థుల చేతికి చిక్కింది. నకళ్ళు పంచుకుని నిరసనలు చేశారు. ఆమె వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ కార్డులు రోజుకి వేలకొద్దీ ఇన్‌స్టాగ్రామ్‌లో పడుతున్నాయి, కాకపోతే బొమ్మలతో. ఆ బొమ్మలోని పిల్లవాడు ఎప్పటికైనా అది చూస్తాడు. నార్వే విద్యార్థులు 2012లో దీనిమీద చక్కని వెటకారం చేశారు: నార్వే పిల్లలు చలికి గడ్డకట్టిపోతున్నారు, ఆఫ్రికా ప్రజలారా, దయతో హీటర్లు పంపండి అని ఒక పాట వీడియో. చూడకపోతే చూడండి, నవ్వుకుంటారు.

సరే, మరి బడికి నిజంగా పనికొచ్చేదేమిటి? దీనికి జవాబు మన దేశంలోనే ఉంది. ముంబయి, వడోదరల్లో ప్రథమ్ సంస్థ బాల్‌సఖి అనే పద్ధతి నడిపింది. అదే బస్తీలో ఉండే, పదో తరగతో ఇంటరో చదివిన అమ్మాయిని తీసుకునేవారు. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడ్డ పిల్లల్ని ఇరవైమంది దాకా రోజుకి రెండు గంటలు ఆమెకి అప్పగించేవారు. 2001 నుంచి 2003 దాకా ఆర్థికవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. ఆ పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయి. బాల్‌సఖికి అప్పట్లో ఇచ్చింది నెలకి 500 నుంచి 750 రూపాయలు. ఏడాది మొదట్లో ఆమెకి రెండు వారాల శిక్షణ ఇచ్చారు. గమనించారా, అదే రెండు వారాలు! ఇక్కడ అవి ఆమె నేర్చుకోవడానికి పోయాయి, నేర్పడానికి ఏడాది మిగిలింది.

మన ఆంధ్రప్రదేశ్‌లోనే, ఇంకా విడిపోని రోజుల్లో, గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో వందింటికి ఒక్కో అదనపు కాంట్రాక్టు టీచరుని ఇచ్చి రెండేళ్ళు చూశారు. మనం విద్యా వాలంటీరు అని పిలుచుకునేవాళ్ళలాంటివారే. ఎక్కువగా అదే ఊరివాళ్ళు, శిక్షణ తక్కువ, జీతం రెగ్యులర్ టీచరు జీతంలో అయిదో వంతుకన్నా తక్కువ. ఆ బడుల పిల్లలు మిగతా బడుల పిల్లలకన్నా బాగా నేర్చుకున్నారు. ఈ ఫలితాన్ని చూపించి టీచర్లకి తక్కువ జీతాలు చాలని వాదించేవాళ్ళున్నారు. నేను ఆ జట్టు కాదు, అంత తక్కువ జీతం సిగ్గుచేటు. నాకు కావాల్సింది ఇంతవరకే: ఊరిలో ఉండే మనిషి, ఏడాది పొడుగునా వచ్చే మనిషి, అదనంగా ఒక్కరు. మీ పిల్ల విమాన టికెట్టు, వీసా, అక్కడి సంస్థకి కట్టే రుసుము కలిపి చూడండి. ఆ డబ్బుతో అలాంటి పల్లెలో ఒక సహాయ టీచరుకి ఎన్ని నెలల జీతం వస్తుందో ఆ బడినే అడిగి లెక్క వేయండి.

ఇక్కడ నాకొక అభ్యంతరం ఎదురవుతుంది. పిల్ల వెళ్ళకపోతే డబ్బు ఎవరిస్తారండీ, కళ్ళారా చూస్తేనే కదా చెయ్యి జేబులోకి వెళ్ళేది అంటారు. ఇది నిజం. ఇలిచ్‌తో నేను విడిపోయేది కూడా ఇక్కడే. వెళ్ళి చూసిన వాళ్ళలో కొందరైనా పదేళ్ళ తరవాత కూడా ఆ బడిని వదలరు. కొందరు మంచి టీచర్లు ఆ దారిలోనూ తయారవుతారు. వెళ్ళడమే తప్పని నేననను. పాఠం చెప్పడానికి వెళ్ళడం తప్పంటాను. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మన జిల్లా పరిషత్ మాస్టారు ఒకాయన వెళ్ళి, అక్కడి లెక్కల టీచరు పక్కన నెల రోజులు కూర్చుని, దుబాసీ సాయంతో, నువ్వు భిన్నాలు ఎలా చెబుతావు, నేనెలా చెబుతాను అని మాట్లాడుకుంటే దానికి నేను చప్పట్లు కొడతాను. ఆయన వెళ్ళాక ఆ టీచరు ఇంకో ఇరవై ఏళ్ళు చెబుతాడు. కాలేజీ పిల్లలు వెళ్తే టీచరుకి చేతికింద ఉండాలి. జవాబు పత్రాలు దిద్దిపెట్టాలి, లైబ్రరీ పుస్తకాలకి అట్టలు వేయాలి, టీచరు కోరితే ఆమెతో రోజూ ఓ గంట ఇంగ్లీషులో మాట్లాడాలి. క్లాసులో వెనక బెంచీ వాళ్ళది.

ఒక చిన్న పక్కమాట. కంబోడియావాళ్ళ ఖ్మేర్ లిపి పల్లవుల లిపి నుంచి పుట్టింది. మన ఒత్తుల్లాగే వాళ్ళకీ హల్లు కింద హల్లు వస్తుంది. తెలుగు పిల్ల ఒకతె ఆ అక్షరాల ముందు పలక పట్టుకుని, అక్కడి ఒకటో తరగతి పిల్లలతోపాటు కూర్చుని రెండు వారాలు దిద్దుకుంటే ఎంత బాగుంటుంది! నేర్పే సరదా పిల్లలకే వదిలేయాలి.

చివరగా మన ఊళ్ళ సంగతి. అమెరికా నుంచి తాతగారి ఊరికి వచ్చి బడిలో వారం రోజులు ఇంగ్లీషు చెప్పే పిల్లలు జూన్, జూలైల్లో వస్తారు, వాళ్ళ సెలవులు అప్పుడు కాబట్టి. మన బడులు తెరిచేది జూన్ 12 ప్రాంతాల్లో. కొత్త చేరికలు, పుస్తకాల పంపిణీ, యూనిఫారాల కొలతలు, రోజుకో ఆన్‌లైన్ నివేదిక, అన్నీ అప్పుడే. హెడ్మాస్టరు గారు ఆ పనులు పక్కన పెట్టి, ఊరి పెద్దమనిషి మనవరాలికి శాలువా, దండ ఏర్పాటు చేస్తారు. కాదనలేరు. ఊళ్ళో బడికి ప్రహరీ గోడ ఇచ్చింది ఆ కుటుంబమే.

కాబట్టి తల్లిదండ్రులకీ, విదేశాల్లోని మన తెలుగు సంఘాలవాళ్ళకీ, సేవా గంటలు లెక్కపెట్టే కాలేజీలవాళ్ళకీ నాదొక విన్నపం. టికెట్టు కొనకముందు ఆ బడి టీచరుకి, సంస్థకి కాదు, హెడ్మాస్టరుకి కూడా కాదు, క్లాసు చెప్పే టీచరుకి ఒక ఉత్తరం రాయండి. మీకేం కావాలని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. ఆమె మనిషి కావాలంటే, ఏ నెలలో, ఏ పనికి, ఎన్నాళ్ళకి అని అడిగి ఆ లెక్కన వెళ్ళండి. సహాయ టీచరు జీతం కావాలంటే అది పంపండి, ఒక ఏడాదికి కాదు, అయిదేళ్ళకి మాట ఇచ్చి పంపండి. ఏమీ వద్దంటే సంతోషించండి. అప్పుడు అంకోర్ చూడ్డానికి వెళ్ళండి, యాత్రికులుగా, టికెట్టు కొనుక్కుని, హోటల్లో దిగి, తిన్నదానికి డబ్బిచ్చి. అందులో తప్పేమీ లేదు.